బీ అన్నాను, డీ అని విన్నాడు

హిందూపురం బస్టాండులో నిలబడి ఫోన్‌లో ఒక నంబరు చదువుతున్నాను. ఫోన్ నంబరులా పది అంకెలతో అయిపోయేది కాదు. ముప్ఫై రెండు అక్షరాలు, మధ్యలో నాలుగు గీతలు, అటూ ఇటూ మీసాల బ్రాకెట్లు.

"ఐదు, ఏడు, ఎనిమిది, మూడు, ఎఫ్, రెండు, డీ, ఏడు. గీత కొట్టు. ఇప్పుడు బీ, సున్నా, సున్నా, ఒకటి."

"డీ నా అన్నా?"

"ఆ, బీ."

అవతల బెంగళూరు జయనగర్‌లో ఒక ఆర్కిటెక్ట్ ఆఫీసు. వాళ్ల కంప్యూటర్లు చూసుకునేది నేనే. నా దగ్గర పనిచేసే కుర్రాడు, మా అనంతపురం వాడే, నేను చెప్పింది చెప్పినట్టు టైపు చేస్తున్నాడు. మామూలుగా అయితే ఊళ్లో ఉన్నా నేనే వాళ్ల సిస్టమ్‌లోకి వెళ్లి పని చేసుకునేవాణ్ణి. ఆ శనివారం వాళ్ల వీధిలో రోడ్డు తవ్వుతూ ఫైబర్ తెంపేశారు. బెంగళూరులో ఉండేవాళ్లకు ఇంతకన్నా వివరం అక్కర్లేదు. నా వెనకాల ధర్మవరం బస్సు ఒకటే హారన్.

నేను తీయించాలనుకున్నది ఆటోక్యాడ్ 2013, బిల్డింగుల ప్లాన్లు గీసే సాఫ్ట్‌వేర్. ఎప్పుడో ఎవరో ట్రయల్‌కి వేసి, సగం తీసి వదిలేశారు. కంట్రోల్ ప్యానెల్ జాబితాలో దాని పేరు లేదు, డిస్కులో మాత్రం కూర్చుని ఉంది. పేరు మీద నొక్కి తీసే వీలు లేదు కాబట్టి విండోస్ దాన్ని గుర్తుపట్టే ఆ పొడుగు కోడ్ చెప్పి, కమాండ్ కొట్టించి తీయిస్తున్నాను. ఎంటర్ కొట్టగానే విండోస్ ఒక ప్రశ్న వేసింది: ఈ ప్రొడక్ట్‌ను నిజంగానే తీసెయ్యాలా? ఏ ప్రొడక్టో చెప్పలేదు. మావాడు అవునన్నాడు.

పోయింది 2013 కాదు, 2014. ఆఫీసువాళ్లు డబ్బు పెట్టి కొన్నది. పెద్ద షీట్లు ప్రింటు తీసే ప్లాటరుకు సెట్ చేసి ఉన్నది. సోమవారం పొద్దున ప్లాన్ సాంక్షన్‌కి ఇవ్వాల్సిన షీట్లన్నీ దాంట్లోంచే తీయాలి.

ఆ రెండు కోడ్‌లనూ తర్వాత ఒకదాని కింద ఒకటి రాసుకుని చూశాను. 2013 కోడ్ రెండో గుంపులో బీ001 ఉంటుంది. 2014 కోడ్‌లో అదే చోట డీ001. మిగతా ముప్ఫై ఒక్క అక్షరాలూ అచ్చం ఒకటే. ఆ తర్వాతి 2015కి అదే చోట ఈ001. బీ, డీ, ఈ. ఫోన్‌లో చెప్పి చూడండి, మూడింటికీ తేడా చెప్పగలిగితే మీ చెవులకు దండం పెడతాను.

ఆ రాత్రే బస్సెక్కి బెంగళూరు వచ్చాను. ఆదివారం మొత్తం ఆ పనికే పోయింది. డీవీడీ ఉన్న బీరువా తాళం పెద్దసారు దగ్గర, పెద్దసారేమో మైసూరులో. ఆయన బంధువులింటికి వెళ్లి తాళం తెచ్చేసరికి మధ్యాహ్నమైంది. ఇన్‌స్టాల్ అయ్యాక యాక్టివేషన్, ఆ తర్వాత ప్లాటరు సెట్టింగులు, వాళ్ల పాత షీట్లకు కావాల్సిన ఫాంట్లు, పదిహేనేళ్లుగా ఎవరెవరో ఆటోక్యాడ్ కోసం రాసిపెట్టిన చిన్న చిన్న లిస్ప్ ప్రోగ్రాములు. రాత్రి రెండింటికి మొదటి షీటు సరిగ్గా వచ్చింది.

మధ్యలో మావాడు డీవీడీ కవరు మీద స్టిక్కరు చూసి అడిగాడు. "అన్నా, దీని మీద 001ఎఫ్1 అని ఉంది. ఎఫ్ అంటే 2016 కదా, 2014 డీవీడీ అంటావేంది?"

వాడి ప్రశ్నలో తప్పేం లేదు. ఇన్‌స్టాలర్ కోడ్‌లో ఎఫ్001 అంటే 2016. కానీ కవరు మీద ఉన్నది ప్రొడక్ట్ కీ, అది వేరే సంగతి. అందులో మొదటి మూడంకెలు ఏ సాఫ్ట్‌వేరో చెబుతాయి: 001 ఆటోక్యాడ్, 829 బిల్డింగుల మోడళ్లు చేసే రెవిట్, 057 ఆటోక్యాడ్‌కే చిన్న రూపమైన ఆటోక్యాడ్ ఎల్‌టీ. తర్వాతి అక్షరం ఏ ఏడాదో చెబుతుంది: 2013కి ఈ, 2014కి ఎఫ్, 2015కి జీ, 2018కి జే. అంటే ఈ అన్న అక్షరం కవరు మీద కనిపిస్తే 2013, సిస్టమ్ లోపల కనిపిస్తే 2015. ఇంకా ఉంది. అదే ఆటోక్యాడ్ 2014 తన లోపల తనను 19.1 అని పిలుచుకుంటుంది. అది దాచే ఫైలును నోట్‌ప్యాడ్‌లో తెరిస్తే మొట్టమొదట ఏసీ1027 అని ఉంటుంది, అది 2013 నాటి ఫైలు రకం పేరు. జాతకంలో ఒక పేరు, బళ్లో ఒక పేరు, ఇంట్లో ఇంకో పేరు ఉన్న పిల్లలా ఒక్క సాఫ్ట్‌వేర్‌కు ఇన్ని.

ఈ గొడవ జరిగి నాలుగేళ్లు దాటింది. అప్పటి నుంచి ఒకే మాట మీద ఉన్నాను. ఒక సిస్టమ్‌లో ఏ డిజైన్ సాఫ్ట్‌వేర్ ఏ వెర్షన్ ఉందో చెప్పాలంటే ప్రొడక్ట్ కోడ్‌తోనే చెప్పాలి. డెస్క్‌టాప్ మీద బొమ్మ, ఫోల్డర్ పేరు, "అందరికీ 2014యే వేశాం సార్" అన్న జ్ఞాపకం, ఇవేవీ సాక్ష్యం కావు. అయితే ఆ కోడ్‌ను నోటితో చదవకూడదు, లెక్కగట్టి ఊహించకూడదు. పక్కన పట్టిక పెట్టుకుని అక్షరం అక్షరం పోల్చాలి. మొదటి సగానికి తలూపేవాళ్లు చాలామందే ఉన్నారు. రెండో సగం దగ్గరే నాకు అందరితో తగాదా.

మొదటి సగం సంగతి ముందు చూద్దాం. మా నాన్నను పొలం ఏదని అడిగితే "రాళ్ల చేను" అంటారు. మా పెదనాన్న కొడుకులకూ ఒక రాళ్ల చేను ఉంది. ఊళ్లో ఎవరికీ ఇబ్బంది లేదు, ఎవరు ఎవరితో మాట్లాడుతున్నారో తెలుసు కాబట్టి ఏ రాళ్ల చేనో తెలిసిపోతుంది. బ్యాంకుకు పోతే మాత్రం రాళ్ల చేను మీద అప్పు పుట్టదు. పాస్‌బుక్‌లో సర్వే నంబరు చూపించమంటారు, దాని పక్కన సబ్‌డివిజన్ కూడా చూపించమంటారు.

విండోస్‌లో ఎంఎస్ఐ రకం ప్యాకేజీతో, అంటే విండోస్ సొంత ఇన్‌స్టాలర్ ద్వారా, ఇన్‌స్టాల్ అయ్యే ప్రతి సాఫ్ట్‌వేర్‌కూ ఇలాంటి సర్వే నంబరు ఒకటి ఉంటుంది. దాన్నే ప్రొడక్ట్ కోడ్ అంటారు. 128 బిట్ల సంఖ్య, పదహారు గుర్తుల లెక్కలో రాస్తే 32 అక్షరాలు. దీంతోపాటు అప్‌గ్రేడ్ కోడ్ అని ఇంకొకటి ఉంటుంది, అది ఇంటిపేరు లాంటిది. ఒకే సాఫ్ట్‌వేర్ వేర్వేరు వెర్షన్లు ఒకే కుటుంబమని చెప్పడానికి అది. ప్రొడక్ట్ కోడ్ మాత్రం పెద్ద వెర్షన్ మారితే మారుతుంది. ఇన్‌స్టాలర్ దేన్ని బాగుచెయ్యాలన్నా, దేన్ని తీసెయ్యాలన్నా ఈ కోడ్‌నే చూస్తుంది. కంట్రోల్ ప్యానెల్లో మనకు కనిపించే పేరు ఆ కోడ్ కింద రాసిపెట్టిన ఒక వరుస మాత్రమే. దాన్ని మార్చినా చెరిపినా సాఫ్ట్‌వేర్‌కు చీమ కుట్టినట్టు కూడా ఉండదు. జయనగర్ సిస్టమ్‌లో 2013 పేరు లేకుండా బతికింది ఇలాగే.

పేరుతో ఇంకో చిక్కు. ఒక్క ఆటోక్యాడ్ వేస్తే జాబితాలో ఒక్క వరుస రాదు. అసలు ప్రోగ్రాం ఒకటి, భాష ప్యాక్ ఒకటి, చుట్టాలు పక్కాలు ఇంకొన్ని. ఎక్సెల్ షీటులో "ఆటోక్యాడ్" అన్న మాటున్న వరుసలు లెక్కపెట్టి, మన దగ్గర నలభై లైసెన్సులు వాడుతున్నామని హడలిపోయిన మేనేజర్‌ను నేను చూశాను. ఉన్నవి పద్నాలుగు సిస్టమ్‌లు. కోడ్ చూస్తే ఆ గందరగోళం ఉండదు. 2013, 2014 కోడ్‌లలో మూడో గుంపు 0000 అయితే భాషతో సంబంధం లేని అసలు ప్రోగ్రాం, 0409 అయితే అమెరికన్ ఇంగ్లిష్ భాగం. ఆ 0409 విండోస్ ఆ భాషకు ఇచ్చిన నంబరే.

చివరి పన్నెండు అక్షరాల్లో ఒక చిన్న తమాషా ఉంది. ఇలాంటి కోడ్‌లను తయారుచేసే పాత పద్ధతిలో, తయారుచేసిన కంప్యూటర్ నెట్‌వర్క్ కార్డు నంబరునే చివర పెట్టేవారు. 2016 దాకా వచ్చిన ఆటోక్యాడ్ కోడ్‌లన్నీ 0060బీ0తో మొదలయ్యే గుంపుతో ముగుస్తాయి. 0060బీ0 హెచ్‌పీ కంపెనీ కార్డులకు కేటాయించిన మొదలు. అంటే ఎన్నో ఏళ్ల కిందట ఎవరో ఒక హెచ్‌పీ సిస్టమ్ ముందు కూర్చుని ఒక కోడ్ పుట్టించారని నా ఊహ. ఆ కార్డు ఎప్పుడో చెత్తబుట్టలోకి పోయి ఉంటుంది. దాని నంబరు మాత్రం జయనగర్‌లో, పీణ్యలో, ప్రపంచమంతటా విండోస్ తన పద్దులు రాసుకునే రిజిస్ట్రీల్లో తిరుగుతూనే ఉంది.

ఇక తగాదా దగ్గరికి వద్దాం. కోడ్‌లో వరస కనిపించిందంటే మనవాళ్ల చేతులు ఊరుకోవు. 2007కి 5001, 2008కి 6001, 2009కి 7001, 2010కి 8001, 2011కి 9001, 2012కి ఏ001, 2013కి బీ001. ఇంత చక్కగా మెట్లు మెట్లుగా ఉంటే తర్వాతి మెట్టు ఎవరైనా చెబుతారు: 2014కి సీ001. మావాడు కూడా అలాగే అనుకుని, సిస్టమ్‌లో ఏ వెర్షన్ ఉందో చెప్పే ఒక స్క్రిప్టు, అంటే చిన్న ప్రోగ్రాం, రాశాడు. పట్టిక అక్కర్లేదు, ఏడాదిలోంచి ఒక సంఖ్య తీసేస్తే అక్షరం వచ్చేస్తుంది, రెండు లైన్ల పని. రాసి నాకు చూపించినప్పుడు నేనే మెచ్చుకున్నాను, ఒప్పుకోవాలి. పీణ్యలో ఒక టూల్‌రూమ్‌లో నడిపితే అది ఒక్క సిస్టమ్‌లో కూడా 2014 లేదని చెప్పింది. అక్కడున్నవన్నీ 2014లే. వాటినన్నింటినీ 2015 ఖాతాలో రాసింది. ఎందుకంటే సీని వదిలేసి డీకి దూకారు.

అక్కడితో ఆగలేదు. 2015కి ఈ, 2016కి ఎఫ్. పదహారు గుర్తుల లెక్కలో ఎఫ్‌యే ఆఖరు, జీ రాయడానికి లేదు. మెట్లు అయిపోయాయి. 2017లో మొత్తం కోడే మారిపోయింది. 5783తో మొదలయ్యేది పోయి 28బీ89ఈఈఎఫ్‌తో మొదలైంది. రెండో గుంపు మళ్లీ 0001 దగ్గర మొదలై, 2018కి 1001, 2019కి 2001 అయింది. పాత మొదలు పట్టుకుని వెతికే స్క్రిప్టులన్నీ 2017 నుంచి వచ్చిన వాటిని చూడనే చూడవు. చూడలేదని కూడా చెప్పవు, ఖాళీ జాబితా ఇచ్చి ఊరుకుంటాయి. ఇంతకన్నా తప్పు చెప్పి అరిచే స్క్రిప్టు నయం.

ఇది ఒక్క కంపెనీ గుణం కాదు. మైక్రోసాఫ్ట్ ఆఫీస్ కోడ్‌లలో కూడా వెర్షన్ కనిపిస్తుంది: 2007కి 12, 2010కి 14. పదమూడు లేదు. ఆ కోడ్ చివరి అక్షరాల్లో సున్నాను ఓ గా, ఒకటిని ఐ గా చదివితే ఆఫీస్ అన్న మాటే వస్తుంది, ఎవరో సరదా పడ్డారు. నాకు ఆ సరదా మీద కోపం లేదు. కోడ్ రాసేవాళ్లు తమ సౌకర్యానికి ఒక వరస పెట్టుకుంటారు, తమ సౌకర్యానికే మారుస్తారు. ఆ వరస మనకిచ్చిన మాట కాదు. సర్వే నంబరు 112 పక్కన 113 ఉంటుందన్న నమ్మకంతో ఎవరైనా చూడకుండా రిజిస్ట్రేషన్ చేయించుకుంటారా?

దీనికి ఎదురుగా నాకు చూపించేది రెవిట్. దాని కోడ్ రెండో గుంపు 2013కి 1300, 2014కి 1400, 2018కి 1800. చిన్నపిల్లలు కూడా చదవగలరు. "చూశారా, చదవొచ్చు కదా" అంటారు. చదవొచ్చు. కానీ రెవిట్ 2013కి ముందు ఆర్కిటెక్చర్, స్ట్రక్చర్, కరెంటు పైపుల పనులకు ఎంఈపీ అని మూడు వేర్వేరు సాఫ్ట్‌వేర్లు ఉండేవి, మూడింటికీ వేర్వేరు కోడ్‌లు. ఏడాది చదివి ఊరుకుంటే ఆ మూడింటిలో ఏదో తెలియదు. పైగా వెర్షన్ తప్పితే అన్నింటికన్నా ఎక్కువ దెబ్బ తగిలేది రెవిట్‌లోనే. ఆటోక్యాడ్‌లో కొత్త ఫైలును పాత రకంగా దాచుకోవచ్చు. రెవిట్‌లో అది కుదరదు. కొత్త వెర్షన్‌లో తెరిచి సేవ్ చేస్తే ఇక పాతదాంట్లో తెరుచుకోదు, వెనక్కి దారి లేదు.

డొమ్లూరులో ఇంకో ఆఫీసులో ఇది కళ్లారా చూశాను. ఆరుగురు కలిసి చేస్తున్న మోడల్, 2018లో. ఒకమ్మాయి సిస్టమ్‌లో 2018తో పాటు 2019 కూడా ఉంది, మా జాబితాలో మాత్రం "రెవిట్ – ఉంది" అని రాసుంది. డబుల్ క్లిక్ చేసింది, మోడల్ అప్‌గ్రేడ్ అవుతోందని ఏదో వచ్చింది, టీ తాగొచ్చేసరికి తెరుచుకుంది, సాయంత్రం సేవ్ చేసింది. చెన్నైలోని స్ట్రక్చరల్ కన్సల్టెంట్ దగ్గర 2018 మాత్రమే. ముందురోజు రాత్రి బ్యాకప్‌కు వెనక్కి వెళ్లాం. ఆరుగురి ఒకరోజు పని పోయింది. ఆ అమ్మాయిని అందరూ తిట్టారు. నన్నెవరూ అనలేదు. జాబితా రాసింది నేను.

కోడ్‌లు ఎలా సేకరించాలన్న దాంట్లో కూడా నేను ఒకసారి బోర్లాపడ్డాను. ఇదీ చెప్పుకోవాల్సిందే, ఎందుకంటే నెట్‌లో ఎవరిని అడిగినా మొదట చెప్పే దారి అదే. విండోస్‌లో విన్32 ప్రొడక్ట్ అని ఒకటుంది. దాన్ని అడిగితే ఇన్‌స్టాల్ అయిన ఎంఎస్ఐ సాఫ్ట్‌వేర్లన్నీ, పేరు, వెర్షన్, కోడ్‌తో సహా వరసగా ఇస్తుంది. ఒక్క లైను. సోమవారం పొద్దున తొమ్మిదిన్నరకు, ఇరవై రెండు సిస్టమ్‌ల మీద ఒకేసారి నడిపాను.

అది జాబితా చదివి ఊరుకోదని నాకప్పటికి తెలియదు. అడిగిన ప్రతిసారీ ఒక్కో సాఫ్ట్‌వేర్‌నూ తట్టి లేపి, నీ సామానంతా సరిగ్గా ఉందా అని తనిఖీ చేయిస్తుంది. ఏదైనా తక్కువైతే బాగుచెయ్యడం మొదలుపెడుతుంది. డిజైన్ ఆఫీసు సిస్టమ్‌లో తట్టి లేపడానికి ఎన్ని ఉంటాయో ఆలోచించండి. ఫ్యాన్లు గట్టిగా తిరగడం మొదలైంది. డ్రాఫ్ట్స్‌మన్లు కుర్చీల్లో వెనక్కి వాలారు. ఒకాయన స్క్రీన్ మీద ఎప్పటిదో ప్రింటరు సాఫ్ట్‌వేర్ లేచి, సీడీ పెట్టమని అడిగింది. ఆ ప్రింటరును పాత సామాన్లవాడికి అమ్మేసి మూడేళ్లు. తర్వాత విండోస్ ఏమేం జరిగిందో రాసుకునే ఈవెంట్ వ్యూయర్ తెరిస్తే 1035 నంబరుతో వందల వరసలు, ఫలానా ప్రొడక్ట్‌ను మళ్లీ సరిచేశాను, ఫలానాది సరిచేశాను అని. ఆ రోజు ఆఫీసు మేడమ్ నన్నొక మాట అన్నారు, ఇక్కడ రాయను.

మైక్రోసాఫ్ట్ ఈ సంగతి రాసిపెట్టే ఉంచింది, చదవనిది నేనే. సరైన దారి రిజిస్ట్రీ చదవడం. సాఫ్ట్‌వేర్, మైక్రోసాఫ్ట్, విండోస్, కరెంట్ వెర్షన్, అన్‌ఇన్‌స్టాల్ దాకా వెళ్తే ఎంఎస్ఐ సాఫ్ట్‌వేర్లు ఒక్కొక్కటీ తమ కోడే పేరుగా ఉన్న ఫోల్డర్‌లా కనిపిస్తాయి. 64 బిట్ విండోస్‌లో 32 బిట్ సాఫ్ట్‌వేర్లు వావ్6432నోడ్ కింద వేరేగా ఉంటాయి, అదీ చూడాలి. కోడ్ ముందే తెలిస్తే ఇంకా సులువు. విండోస్ ఇన్‌స్టాలర్‌కు ఆ కోడ్ ఇచ్చి ఇది ఉందా అని నేరుగా అడగొచ్చు. 5 అని జవాబొస్తే ఉంది, మైనస్ 1 అని వస్తే ఎరగను అని. ఎవరినీ తట్టి లేపదు.

రిజిస్ట్రీలో ఒకచోట మాత్రం జాగ్రత్త. ఇన్‌స్టాలర్ తన సొంత పద్దుల్లో ఇదే కోడ్‌ను తిరగేసి రాసుకుంటుంది. 5783ఎఫ్2డీ7 అన్నది అక్కడ 7డీ2ఎఫ్3875 అవుతుంది, డీ001 కాస్తా 100డీ. మామూలు కోడ్ పెట్టి వెతికితే అక్కడ దొరకదు. దొరకలేదు కాబట్టి పూర్తిగా పోయిందనుకుంటాం. సగం తీసిన ట్రయళ్లు ఇలాంటి చోట్లే నక్కి ఉంటాయి.

నాతో వాదించేవాళ్లు ఇక్కడ ఒక మాట అంటారు: ఇప్పుడంతా సబ్‌స్క్రిప్షన్ కదా, కంపెనీ అకౌంట్లోకి లాగిన్ అయితే ఎవరికి ఏముందో తెలుస్తుంది, ఈ పాత గోల ఎందుకు? అకౌంట్లో కనిపించేది మనం దేనికి డబ్బు కట్టామో. డిస్కులో ఏముందో దానికి తెలియాలన్న రూలేం లేదు. జయనగర్ వాళ్లకు ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీ తరఫున ఉత్తరం వచ్చింది, మీ దగ్గర ఇన్‌స్టాల్ అయినవన్నీ రాసి పంపమని. అందులో అడిగింది ఇన్‌స్టాల్ అయినవి, కొన్నవి కాదు. ఆ 2013 ట్రయల్‌ను నేను హడావుడిగా తీయించాలనుకున్నది అందుకే. మన 1957 కాపీరైట్ చట్టంలో 63బీ సెక్షన్ ఉంది. లైసెన్సు లేని ప్రోగ్రాం అని తెలిసీ కంప్యూటర్‌లో వాడితే ఏడు రోజుల నుంచి మూడేళ్ల దాకా జైలు, 50,000 నుంచి 2 లక్షల రూపాయల దాకా జరిమానా. సగం తీసిన ట్రయల్‌కి ఎవరూ జైలుకు పంపరు, నిజమే. కానీ ఆ ఉత్తరానికి జవాబు రాసేటప్పుడు "అనుకుంటున్నాం" అని రాయలేం.

శాశ్వత లైసెన్సున్న పాత వెర్షన్లకు ఈ లెక్క ఇంకా ముఖ్యం. 2016 జనవరి 31 తర్వాత ఆటోడెస్క్ విడివిడి సాఫ్ట్‌వేర్లలో చాలావాటికి కొత్త శాశ్వత లైసెన్సులు అమ్మడం ఆపేసింది. జయనగర్ వాళ్ల 2014 లాంటిది పోతే మళ్లీ కొనుక్కునేది కాదు. నేను ఆ ఆదివారం అన్నం తినకుండా తిరిగింది ఊరికే కాదు.

కోడ్‌తో అన్నీ తేలిపోతాయని నేననడం లేదు. సర్వీస్ ప్యాక్ వేసినా, చిన్న అప్‌డేట్ వచ్చినా ప్రొడక్ట్ కోడ్ మారదు. అది 2018 అని చెబుతుంది, 2018లో ఏ అప్‌డేటో చెప్పదు. దానికి పక్కనే ఉండే వెర్షన్ నంబరు కూడా రాసుకోవాలి. కలిసి పనిచేసే రెవిట్ మోడళ్లలో అందరిదీ ఒకే అప్‌డేట్ ఉండాలి కాబట్టి ఇది చిన్న విషయం కాదు. అన్నీ ఎంఎస్ఐ దారిలో కూడా రావు. అడోబీ క్రియేటివ్ క్లౌడ్ సాఫ్ట్‌వేర్లు అదే అన్‌ఇన్‌స్టాల్ జాబితాలో నాలుగక్షరాల పొట్టి కోడ్, దాని పక్కన వెర్షన్ నంబరుతో కూర్చుంటాయి. ఫొటోషాప్‌కు పీహెచ్ఎస్‌పీ, ఇలస్ట్రేటర్‌కు ఐఎల్ఎస్‌టీ. చదవడానికి ఎంతో హాయి. కానీ 2021 పేరుతో వచ్చిన ఫొటోషాప్ 22, అదే ఏడాది ఇలస్ట్రేటర్ 25, ఇన్‌డిజైన్ 16. హాయిగా చదివేసి 22ను 2022 అనుకున్న డిజైనర్లు ఇందిరానగర్‌లోనే నాకు ఇద్దరు తెలుసు. ఎంత ముచ్చటైన కోడ్ అయినా పట్టిక లేకుండా పనికిరాదు.

ఆ పట్టిక ఇప్పుడు నేను చూసే మూడు ఆఫీసుల్లోనూ ఉంది. నా ల్యాప్‌టాప్‌లో కాదు, వాళ్ల సర్వర్‌లో. సిస్టమ్ పేరు, కోడ్ మొత్తం, వెర్షన్ నంబరు, లైసెన్సు కాగితం ఎక్కడుందో, ఎవరు ఎప్పుడు సరిచూశారో. కోడ్ గడిలో ఎవరూ చేత్తో టైపు చెయ్యకూడదు, కాపీ చేసి అతికించాలి. ఏదైనా తీసెయ్యాలంటే కూడా పట్టికలోంచి కాపీ చేసుకోవాలి. మొదట్లో మేడమ్‌కు ఇదంతా చాదస్తంలా కనిపించింది. బీరువా తాళం నకలు ఒకటి చేయించి ఆఫీసులోనే పెట్టమన్నప్పుడు మాత్రం వెంటనే ఒప్పుకున్నారు.

ఫైబర్ తెగే రోజులు ఎలాగూ తప్పవు కాబట్టి ఫోన్‌లో చెప్పడానికి కూడా ఒక ఏర్పాటు చేసుకున్నాం. పదహారు గుర్తుల లెక్కలో అక్షరాలు ఆరే. "డీ ఫర్ ఢిల్లీ, బీ ఫర్ బాంబే" లాంటివి ప్రయత్నించాం గానీ హడావుడిలో ఇద్దరం చెరొక మాటా అనేవాళ్లం. చివరికి మావాడే రైల్వే స్టేషన్లు పెట్టాడు, వాడు వారం వారం ఊరికి పోయే రకం. ఏకి అనంతపురం, బీకి బళ్లారి, సీకి చిత్తూరు, డీకి ధర్మవరం, ఈకి ఈరోడ్. ఎఫ్ దగ్గర ఆగిపోయి, రెండు రోజులు ఆలోచించి ఫలక్‌నుమా తెచ్చాడు.

పోయిన నెల నేను కడపలో పెళ్లిలో ఉండగా ఫోన్ చేశాడు. పందిట్లో బాజాలు మోగుతున్నాయి, నాకు సగం వినిపించడం లేదు.

"అన్నా, ఈ సిస్టమ్‌లో ధర్మవరం సున్నా సున్నా ఒకటి ఉంది. ఈరోడ్ సున్నా సున్నా ఒకటి కూడా ఉంది. పట్టికలో ఈరోడ్ లేదు. తీసెయ్యల్నా?"

"ఈరోడ్‌కి కాగితం ఉందేమో ముందు మేడమ్‌ను అడుగు," అన్నాను. "ధర్మవరం జోలికి మాత్రం పోవద్దు."